చేంజప్‌నే నమ్ముకున్న అల్లుడికి

అల్లుడూ,

బేస్‌బాల్‌లో ఈ సీజన్ నువ్వు ఫాస్ట్‌బాల్ కంటే చేంజప్పే, అంటే ఫాస్ట్‌బాల్‌లాగే విసిరినా నెమ్మదిగా వచ్చే బంతే, ఎక్కువ వేస్తున్నావని, దానికి మీ కోచ్ ముఖం ముడుచుకుంటున్నాడని అక్క చెప్పింది. అంత టెన్షన్ పడాల్సిన పనేం లేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో దిగి నలుగురు బ్యాటర్లను చూసుకుని వెళ్ళిపోయే రిలీవర్‌వి, అంటే మధ్యలో వచ్చి బంతి విసిరే పిచర్‌వి నువ్వు. గేమ్ మొదలుపెట్టే స్టార్టర్‌లాగా ఒకే బ్యాటర్‌కు మూడుసార్లు ఎదురుపడవు కదా, ఉన్నవాటిలో మంచిదే వెయ్యి. 2017లో హ్యూస్టన్ ఆస్ట్రోస్ పిచర్ లాన్స్ మెక్‌కల్లర్స్ యాంకీస్‌తో సిరీస్ తేల్చే ఏడో గేమ్‌లో రిలీఫ్‌కు వచ్చి, చివరి 24 బంతులూ వరసగా కర్వ్‌బాల్సే (వంపు తిరిగి కిందికి జారే బంతులే) వేశాడు. ఆస్ట్రోస్ ఫైనల్‌కు, అంటే వరల్డ్ సిరీస్‌కు వెళ్ళింది. ఎవరూ ముఖం ముడుచుకోలేదు.

నాకు దిగులల్లా నీ గ్లవ్ గురించే. అక్క పంపిన వీడియోలు ఆపి ఆపి చూశాను. చేంజప్ వేసే ముందు గ్లవ్ లోపల నీ వేళ్ళు బంతి మీద తడుముకుంటున్నాయి, గ్లవ్ కాస్త విచ్చుకుంటోంది. ఫాస్ట్‌బాల్‌కు అది కదలదు. ఫస్ట్ బేస్ దగ్గర నిలబడే అవతలి జట్టు కోచ్‌కి ఆ మాత్రం చాలు, బ్యాటర్‌కు సైగ వెళ్ళిపోతుంది. ఇకనుంచి ప్రతి బంతికీ ముందు చేంజప్ పట్టే పట్టు. బొటనవేలు, చూపుడువేలు సున్నాలా కలిపి, మిగతా మూడు వేళ్ళ మీద బంతి. బ్యాటర్ వెనక కూర్చునే క్యాచర్ ఫాస్ట్‌బాల్ అడిగితే అక్కణ్ణుంచి మార్చుకో. చేంజప్ పట్టునుంచి ఫాస్ట్‌బాల్‌కు మారడం తేలిక, అటునుంచి ఇటు మారడమే కష్టం.

రెండోది, చివర్లో నీ చెయ్యి నెమ్మదిస్తోంది. వేగం తగ్గించే పని పట్టుకు వదిలెయ్యి, చెయ్యి మాత్రం ఫాస్ట్‌బాల్‌కు విసిరినంత కసిగానే విసరాలి. గంటకు 95 మైళ్ళ బంతి ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలమీదుండే పలక) దగ్గరకు రావడానికి 0.4 సెకను పడుతుంది. అందులో సగం గడవకముందే బ్యాటర్ తేల్చుకోవాలి. వాడు చూసేది నీ చేతినే. క్రికెట్‌లో మనవాళ్ళ స్లోయర్ బాల్‌కూ కిటుకు ఇదే, కాకపోతే అక్కడ పిచ్ కూడా కాస్త సాయం చేస్తుంది.

నీ ఫాస్ట్‌బాల్ 86 దాటడం లేదని కుంగిపోకు. పేరుమోసిన రిలీవర్ ట్రెవర్ హాఫ్‌మన్‌కు 1994లో భుజం దెబ్బతిని వేగం పడిపోయాకే చేంజప్ చేతికొచ్చింది. 601 సేవ్‌లు (ఆధిక్యంలో ఉన్న గేమ్‌ను చివర్లో కాపాడి ముగించడం), 2018లో దిగ్గజాలకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం. రెండు బంతుల మధ్య ఎనిమిది పది మైళ్ళ తేడా ఉంటే చాలు.

అయితే ఒకటి అడుగుతాను, నిజం చెప్పు. చేంజప్ బాగుందని వేస్తున్నావా, ఫాస్ట్‌బాల్ కొడతారన్న భయంతో వేస్తున్నావా? భయంతో వేసేవాడు మొదటి రెండు బంతులూ బయటికి పారేసి, కౌంట్ (బయటికి పోయిన బాల్స్, పడిన స్ట్రైక్‌ల లెక్క) చేజార్చుకుని, గతిలేక చేంజప్‌ను ప్లేట్ మధ్యకు తెస్తాడు. చేంజప్‌కే పేరుపడ్డ రిలీవర్ డెవిన్ విలియమ్స్ అంతటివాడు, 2020లో 27 ఇన్నింగ్స్‌లో 53 మందిని స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులతో అవుట్) చేసినవాడు, 2024 అక్టోబర్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్‌లో 3-1 కౌంట్‌లో చేంజప్పే వేశాడు. అవతలి బ్యాటర్ పీట్ అలోన్సో దాన్ని కుడివైపు గోడ దాటించాడు. 2-0తో గెలుస్తున్న అతని అప్పటి జట్టు బ్రూయర్స్ సీజన్ అక్కడితో సరి. విలియమ్స్ పిరికివాడని నేననను. 3-1లో, అంటే మూడు బాల్స్, ఒక స్ట్రైక్ పడ్డాక, ఇంకో బాల్ పడితే బ్యాటర్‌కు ఊరికే బేస్ దక్కుతుంది కాబట్టి ఎంతటివాడికైనా దారులు తక్కువ, అంతే. అందుకే బుల్‌పెన్‌లో (రిలీవర్లు వార్మప్ చేసే చోట) రోజూ ముందు ఫాస్ట్‌బాల్‌తో కింది అంచున స్ట్రైకులు పడేలా చూసుకో. మొదటి స్ట్రైక్ దానితో తెచ్చుకుంటే, ఆ తర్వాత వరసగా చేంజప్పే వేసినా నాకు అభ్యంతరం లేదు.

మీ క్యాచర్‌తోనూ ఓ మాట మాట్లాడు. మూడో బేస్‌లో రన్నర్ ఉన్నప్పుడు నీ మంచి చేంజప్ నేలనే తాకుతుంది. అది క్యాచర్‌ను దాటిపోతే రన్నర్ పరుగు తీసేస్తాడు, అందుకే దాన్ని ఒంటితో ఆపగలనని క్యాచర్ గట్టిగా అంటేనే అడగమను. ఫస్ట్ బేస్‌లో కాళ్ళు చురుకైనవాడుంటే నెమ్మది బంతికి సెకండ్ బేస్ దొంగిలించేస్తాడు (పరుగెత్తి చేరిపోతాడు), రెండుసార్లు అటు విసిరి వాణ్ణి బేస్ దగ్గరే ఉంచు.

ఇట్లు,
మీ మామయ్య