నలుగురిదీ ఒకే శ్వాసట!

ప్ర: పేరున్న ఒక స్ట్రింగ్ క్వార్టెట్ (రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెలో వాయించే నలుగురి బృందం) రికార్డు కొన్నాను. రివ్యూలన్నీ "నలుగురూ ఒకే శ్వాసతో వాయించారు" అని మెచ్చుకున్నాయి. మూడుసార్లు విన్నా నాకు నాలుగు వాయిద్యాలే వినిపించాయి. లోపం నా చెవిలోనా, ఆ పొగడ్తలోనా?

జ: మీ చెవికేం కాలేదు. ఆ మాట రాసిన పాపంలో నాకూ వాటా ఉంది. పన్నెండేళ్లు సంగీత సమీక్షలు రాశాను. అర్ధరాత్రి గడువు తరుముతుంటే "ఒకే శ్వాస" దానంతటదే కాగితం మీదికి వచ్చేస్తుంది. ఏ క్వార్టెట్‌కైనా అతుకుతుంది, దాంతో వచ్చిన చిక్కే అది.

తమాషా ఏమిటంటే శ్వాస మాత్రం నిజం. ఆర్కెస్ట్రాలోలాగా చేత్తో సైగలు చేసి నడిపించే కండక్టర్ ఉండడు కదా, ఎత్తుకునే ముందు మొదటి వయొలిన్ వాయించేవాళ్లు చాలామంది ముక్కుతో గట్టిగా గాలి పీలుస్తారు. మిగతా ముగ్గురికీ అదే సైగ. మైకు దగ్గరగా పెట్టి చేసిన రికార్డుని హెడ్‌ఫోన్స్‌లో వినండి, తెలిసిపోతుంది.

కచేరీనీ రికార్డునీ ఒకే తూకంతో తూచడం ఇంకో పొరపాటు. బీథోవెన్ 1826లో పూర్తిచేసిన ఓపస్ 131 (అంటే 131వ నంబరు రచన) ఉంది, ఇలాంటి నలుగురి కోసం రాసిందే. ఆ రచననీ క్వార్టెట్ అనే అంటారు. ఏడు భాగాలు, మధ్యలో ఆగకుండా దాదాపు 40 నిమిషాలు. వేదిక మీద తీగ కాస్త జారిందంటే సరిచేసుకునే వ్యవధి దొరకదు. వేలు కొంచెం జరిపి ఎలాగో నెట్టుకురావాలి. ఏడో భాగానికి చేరేసరికి కూడా నలుగురి శ్రుతీ కలిసే ఉందంటే ఎంత పొగిడినా తక్కువే. స్టూడియోలో అదే పనిని ముక్కలుగా వాయించి అతికించుకోవచ్చు. అక్కడ "శ్రుతిశుద్ధి అద్భుతం" అని రాస్తే సగం మార్కులు ఎడిటింగ్ చేసినవాళ్లకి పోవాలి.

ఆల్బన్ బెర్గ్ క్వార్టెట్ బీథోవెన్ క్వార్టెట్లన్నిటినీ 1978–83 మధ్య స్టూడియోలో రికార్డు చేసింది. 1989లో వియన్నాలో శ్రోతల ముందు మళ్లీ వాయించి ఇంకో సెట్టు తెచ్చింది. రెండూ పక్కపక్కన పెట్టుకుని వినండి. మొదటిది నునుపు. నా ఓటు రెండోదానికి.

అసలు కచేరీలో వినడానికే వీల్లేని రికార్డులూ ఉన్నాయి. మెండెల్సన్ ఆక్టెట్‌కి ఎనిమిదిమంది కావాలి. ఎమర్సన్ క్వార్టెట్ నలుగురే రెండు విడతలుగా వాయించి, ఒకదానిమీద ఒకటి కలిపి 2005లో విడుదల చేశారు. ఆ సెట్టుకి గ్రామీ వచ్చింది. నేనూ మెచ్చుకుంటాను, కానీ కచేరీ సమీక్షలో వాడే మాటలతో కాదు.

ప్ర: పొగడ్తంతా మొదటి వయొలిన్‌కే ఎందుకు పోతుంది?

జ: పాట ఎక్కువగా అక్కడే ఉంటుంది కాబట్టి, మనం పాటనే వింటాం కాబట్టి. ఎమర్సన్‌లో ఇద్దరు వయొలినిస్టులూ మొదటి స్థానాన్ని వంతులవారీగా మార్చుకునేవారు. నాకు బాగా నచ్చిన పద్ధతి. లోపలి గొంతుల (రెండో వయొలిన్, వయోలా) విలువ తెలియాలంటే అమెడేయస్ క్వార్టెట్ సంగతి చూడండి. 1947 నుంచి అదే నలుగురు. 1987లో వయోలా వాయించే పీటర్ షిడ్లోఫ్ పోతే మిగతా ముగ్గురూ ఇంకొకరిని వెతకలేదు, క్వార్టెట్‌నే ఆపేశారు.

ప్ర: కచేరీలో వాయిద్యం ఇంకా ముగియకుండానే చప్పట్లు కొట్టాను. పక్కవాళ్లు నవ్వారు. తలెత్తుకోలేకపోతున్నాను.

జ: ఏం వాయించారో రాయలేదు మీరు. హైడెన్ 1781లో రాసిన ఓపస్ 33లోని రెండో క్వార్టెట్ అయితే మాత్రం నిశ్చింతగా ఉండండి, దానికి "జోక్" అనే పేరే ఉంది. చివర్లో పాటని ముక్కలు చేసి, మధ్యమధ్య మౌనం పెడతాడు. ఆఖరి మౌనం మరీ పొడుగు. అయిపోయిందనుకుంటాం. అప్పుడు మొదట్లో విన్న చిన్న ముక్కే మెల్లిగా మళ్లీ వచ్చి, అక్కడితో నిజంగా ఆగిపోతుంది. వాయించేవాళ్లు కమాను గాలిలోనే ఉంచి ఎంత బాగా నటిస్తే అంతమంది బోల్తా పడతారు. సమీక్షకుడి సీట్లో కూర్చుని నేనూ ఓసారి చప్పట్లు కొట్టాను, ఒళ్లోని నోట్‌బుక్ కింద పడింది. మర్నాటి రివ్యూలో "హాస్యాన్ని చక్కగా పండించారు" అని రాశానుగానీ, పండింది ఎవరిమీదో రాయలేదు.