నాన్నగారి పాత ఓపెన్ టాప్ జీపు: ముందు ఆర్సీ, ఆ తర్వాతే బేరం

మీ ప్రశ్న ఇది: నాన్నగారు పోయాక హనుమకొండ ఇంట్లో ఆయన మహీంద్రా జీపు, టార్పాలిన్ టాప్‌ది, అలాగే ఉండిపోయింది. బ్రోకర్ లేకుండా మనమే అమ్ముకోవచ్చా? పెయింట్ వేయించి అమ్మాలా, ఉన్నదున్నట్టే ఇచ్చేయాలా? ఎంత అడగొచ్చు?

మనమే అమ్ముకోవచ్చు. మా బాపు జీపును నర్సంపేటలో నేను అలాగే అమ్మాను. పెయింటు, టైర్లు, కొత్త టాప్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆర్సీ మీ పేరు మీదికి రావాలి. అప్పటిదాకా బండిని బేరానికి పెట్టకండి.

పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద అమ్మేవాళ్లు సంతకం పెట్టాలి. ఆర్సీలో ఉన్న మనిషే లేనప్పుడు ఆ సంతకం ఎవరు పెడతారు? మా ఇంటికి వచ్చిన ఒక బ్రోకర్ "సంతకం సంగతి నేను జూసుకుంట, మీరు బండియ్యుండ్రి" అన్నాడు. అంటే చనిపోయిన మా బాపు సంతకం వీళ్లెవరో గీకుతారన్నమాట. నాకు ఒళ్లు మండింది. అలాంటి మాట వినపడితే అక్కడే గేటు వేసేయండి.

సరైన దారి ఫారం 31. యజమాని చనిపోయిన 30 రోజుల్లో ఆర్టీఏకు తెలియజేయాలి, మూడు నెలల్లోపు వారసుల పేరు మీదికి మార్పించుకోవాలి. గడువు దాటితే జరిమానా కట్టాల్సి రావచ్చు కానీ పని ఆగదు. డెత్ సర్టిఫికెట్, మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసులకు అభ్యంతరం లేదని అఫిడవిట్లు కావాలి. మా అక్క కరీంనగర్‌లోనే ఉంటుంది కాబట్టి ఆమె సంతకం తేలిగ్గా అయింది. తమ్ముడు దుబాయ్‌లో ఉన్నాడు, వాడు సెలవు మీద వచ్చేదాకా ఆగాం. మీ తోబుట్టువులు బయటి దేశాల్లో ఉంటే ఆ పని ఇప్పుడే మొదలుపెట్టండి.

తర్వాత ఆర్సీ గడువు చూడండి. సొంత బండికి మొదట 15 ఏళ్లు, ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్. 20 ఏళ్లు దాటిన కార్లు, జీపులకు కేంద్రం 2025 ఆగస్టులో ఈ ఫీజును 5,000 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. మీది మూడు అక్షరాల పాత నంబరు అయితే, ఆ ఆర్సీ బుక్ వివరాలు ఆర్టీఏ కంప్యూటర్లోకి ఎక్కాయో లేదో కూడా అడగండి. రెన్యువల్‌కు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూస్తారు. అందుకే డబ్బు పెట్టదలిస్తే బ్రేకులకు, వైరింగుకు, లైట్లకు పెట్టండి. పెట్రోల్ వచ్చే రబ్బరు పైపులు మాత్రం తప్పకుండా మార్పించండి. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇథనాల్ కలిసిన పెట్రోల్, పాత రబ్బరును అది తినేస్తుంది. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ కారితే కొనడానికి వచ్చిన మనిషి ప్రాణానికే ముప్పు.

ఇప్పుడు అసలు విషయం, ఇంజిన్ నంబరు. పాత సీజే3బీ మోడల్ జీపుల్లో వచ్చింది హరికేన్ పెట్రోల్ ఇంజిన్, 2.2 లీటర్లది. ఆ ఇంజిన్ ఎత్తు కోసమే దాని బానెట్ అంత ఎత్తుగా ఉంటుంది. బానెట్ లేపి ముందువైపు వాటర్ పంపు వెనక చూడండి, బ్లాకు మీద చిన్న చదును జాగాలో నంబరు కొట్టి ఉంటుంది. దాని మీద ఏళ్ల నాటి జిడ్డు పేరుకుని ఉంటుంది. కిరోసిన్ గుడ్డతో నానబెట్టి మెల్లగా తుడవండి. ఎమరీ పేపరు, వైర్ బ్రష్ ముట్టనివ్వకండి, అంకెల అంచులు అరిగితే ఎవరో దిద్దారన్న అనుమానం వస్తుంది. తుడిచాక దాని మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు తేలతాయి. ఛాసిస్ నంబరును కూడా అలాగే అచ్చు తీసి, రెండూ ఆర్సీతో కలిపి చూడండి.

ఇదంతా ఎందుకంటే, మన వైపు చాలా జీపులకు పెట్రోల్ ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ ఎక్కించారు. అది ఆర్సీలో రాయించి ఉంటే ఇబ్బంది లేదు. రాయించకపోతే పేరు మార్పిడి అక్కడే ఆగిపోతుంది. మీ జీపుది అదే పరిస్థితి అయితే ముందు ఆర్టీఏలో అడిగి సరిచేయించుకోండి, కొనేవాళ్ల దగ్గర దాచకండి.

ధర సంగతి. నాకు మొదట 80 వేలు అన్నారు, చివరికి 2 లక్షల 75 వేలకు ఇచ్చాను. మధ్యలో నేను ఒక్క చుక్క పెయింట్ కూడా వేయించలేదు. పాత బండి తెలిసినవాడు పాత పెయింట్‌నే నమ్ముతాడు, కొత్త పెయింట్ కింద ఎంత పుట్టీ ఉందోనని భయపడతాడు. మా దాంట్లో ధర తెచ్చినవి అసలు ఇంజిన్, బానెట్ మీదికి పూర్తిగా మడిచి పడుకోబెట్టే ముందు అద్దం, టాప్ నిలబెట్టే అసలు కమ్మీలు, బాపు దాచుకున్న మెకానిక్ షెడ్డు బిల్లులు. టాప్ గుడ్డ చిరిగే ఉంది. అది కుట్టించడం ఎవరికైనా తేలికే, కమ్మీలు దొరకడమే కష్టం. బరాత్‌లకు తిప్పడానికి వెడల్పు టైర్లు, డీజే పెట్టిస్తానని ఒకతను ఎక్కువే ఇవ్వబోయాడు. మేడారం జాతరకు మమ్మల్నందరినీ టాప్ విప్పి తీసుకెళ్లిన బండి అది, నాకు మనసు ఒప్పలేదు. మీ ఇష్టం మీది. కానీ జీపు తెలిసిన మనిషికి ఇస్తే అది జీపుగానే మిగులుతుంది. అలాంటివాళ్లు ఓఎల్ఎక్స్‌లో కంటే పాత జీపులు బాగుచేసే మెకానిక్‌ల ద్వారానే దొరికారు నాకు.

మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి, బండి అసలు రూపంలోనే ఉంటే వింటేజ్ నంబరు తీసుకోవచ్చని 2021లో నిబంధనలు వచ్చాయి. ఫీజు 20,000, పదేళ్లకు చెల్లుతుంది. అయితే ఆ నంబరుతో రోజూ రోడ్డు మీద తిప్పడానికి లేదు, ర్యాలీలు, ప్రదర్శనల వంటి వాటికే. పొలానికి వెళ్లడానికి కొనేవాడికి అది పనికిరాదు. కాబట్టి ఆ నిర్ణయం కొనేవాళ్లకే వదిలేయండి.

డబ్బు బ్యాంకు ద్వారానే తీసుకోండి. ఒక లావాదేవీలో 2 లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే ఆదాయపన్ను చట్టం కింద అంత మొత్తం జరిమానా పడొచ్చు. సొంతానికి వాడుకున్న బండి కాబట్టి అమ్మకం మీద జీఎస్టీ లేదు, క్యాపిటల్ గెయిన్స్ పన్ను కూడా లేదు.

డబ్బు వచ్చింది కదా అని సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు చేతికిచ్చి పంపకండి. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో చూడండి. కారు చేతులు మారుతూ పోయింది, రికార్డులో మాత్రం మొదటి యజమాని పేరే ఉంది. ప్రమాదం జరిగితే నష్టపరిహారం ఆయన మీదే పడింది. కాబట్టి ఇద్దరూ కలిసి స్లాట్ బుక్ చేసుకుని ఆర్టీఏకు వెళ్లండి. అమ్మినట్టు 14 రోజుల్లో తెలియజేయడం మీ బాధ్యత, కొన్నవాళ్లకు 30 రోజులు ఉంటాయి. ఇన్సూరెన్స్ తన పేరు మీదికి మార్చుకోవడానికి కొన్నవాళ్లు 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టాలి, అది గుర్తుచేయండి. వేరే రాష్ట్రం వాళ్లయితే ముందు ఫారం 28తో ఎన్ఓసీ తీసుకోవాలి.

మా జీపు కొన్నాయన హైదరాబాద్ మనిషి. నడుపుకుంటూ పోతానన్నాడు, నేను వద్దన్నాను. ఏళ్లుగా కదలని బండికి హైవే మీద అంత దూరం ఎక్కువ. డీసీఎం వ్యాను మాట్లాడి ఎక్కించాం, కిరాయి ఆయనే పెట్టుకున్నాడు. కమ్మీలు, జాకీ, పాత సామాన్ల డబ్బా కూడా అందులోనే పెట్టించాను. బండి అప్పగించిన తేదీ, టైము రాసి ఇద్దరం సంతకాలు చేసిన కాగితం నా దగ్గర ఉంది, ఆయన పేరుతో వచ్చిన ఆర్సీ ఫొటో కూడా ఉంది.