శీతాకాలపు గోధుమ నేర్పిన పాఠం

తమ్ముడూ, వీసా, ఫీజు గడువులు, పార్ట్‌టైం గంటలు యూనివర్సిటీ సైట్లోనే ఉంటాయి, చూసుకో. విత్తనాలు మాత్రం సూట్‌కేసులో పెట్టుకుని బయల్దేరకు. వాటికి తెగుళ్లూ పురుగులూ లేవని ఇచ్చే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకపోతే చిక్కుల్లో పడతావు.

ప్లాంట్ బ్రీడింగ్‌లో, అంటే కొత్త పంట రకాలు తయారుచేసే చదువులో, మాస్టర్స్ కష్టమా అని అడిగావు. చదువు ఎలాగోలా గడుస్తుంది. నా భయం నీ ఒంటరితనం గురించే.

నేను వరి మీద పనిచేసి వెళ్లినవాణ్ని. వరికి 24 క్రోమోజోములు, గోధుమకు 42, అంతేగా తేడా అనుకున్నాను. థీసిస్‌కి రెండు గోధుమ రకాలను క్రాస్ చేయాలి, అంటే ఒకదాని పుప్పొడి రెండోదానికి అద్దాలి. రెండూ ఒకే రోజు నాటాను. ఒకటి పొట్టకొచ్చి ఈనింది కూడా. రెండోది మూడు నెలలైనా పిలకల మీద పిలకలు వేస్తోందే తప్ప పొట్టకు రాదు. ఎరువు పెంచాను, కుండీలు మార్చాను, లైట్లు జరిపాను. చివరికి పక్క బెంచీ అమ్మాయి ట్యాగ్ చూసి నవ్వేసింది. అది శీతాకాలపు గోధుమట! మొలకలను ఆరేడు వారాలు 4 డిగ్రీల దగ్గర చలిలో ఉంచితేగానీ వేళకు పూతకు రాదు. ఈ చలి అవసరాన్నే వెర్నలైజేషన్ అంటారు; దాని గురించి పరీక్షలో పేజీలు నింపి వచ్చిన ఘనుణ్ని నేను.

ఒక సెమిస్టర్ గంగలో కలిసింది. ఆ అమ్మాయి మొదటి నుంచీ రెండడుగుల దూరంలోనే ఉంది. ఇంగ్లీషు ఎక్కడ తడబడుతుందోనని ఆమెతో ఒక్క మాటా మాట్లాడలేదు. లంచ్ బాక్సు కూడా గ్రీన్‌హౌస్ వెనకాల కూర్చుని తినేవాణ్ని.

మన పనే అలాంటిది మరి. ఒక్కో పువ్వులో పుప్పొడి ఉండే మూడు పరాగకోశాలను ఫోర్సెప్స్‌తో తీసి, కంకికి కవరు తొడిగి, రెండు మూడు రోజులకు రెండో రకం పుప్పొడి అద్దాలి. ఆ రోజు ఆదివారమైనా నువ్వక్కడ ఉండాల్సిందే. తోటివాళ్లు ఒకటి రెండుసార్లు షికారుకు పిలుస్తారు, తర్వాత మానేస్తారు. మీ తరానికి స్పీడ్ బ్రీడింగ్ ఉందిలే: 22 గంటల వెలుతురు, వసంతకాలపు గోధుమైతే ఏడాదికి ఆరు తరాల దాకా. మొక్కకు బాగానే ఉంటుంది, నీకే తీరిక చిక్కదు. అది అయ్యాక ఆర్ (R) అనే గణాంకాల సాఫ్ట్‌వేర్‌లో డేటాతో కుస్తీ, గదిలో ఒక్కడివే.

రెండో విడత నేనూ ఆ అమ్మాయీ నీళ్లు పోయడం వంతులేసుకున్నాం. క్రాసులు నిలబడ్డాయి, డిగ్రీ చేతికొచ్చింది. ఇప్పుడు నా దగ్గర ముగ్గురు పనిచేస్తున్నారు. ఎవరు కొత్తగా చేరినా మొదట అడిగేది ఒకటే, ‘నీకు జ్వరమొస్తే నీ కుండీలకు నీళ్లెవరు పోస్తారు?’ అని. నువ్వు చేరిన మొదటి నెలలోనే ఆ పేరు నాకు రాసి పంపు.