కాగితాలు ఏరించకు

తమ్ముడూ,

నీ అడవి వీడియో గేమ్ స్క్రిప్టు మొత్తం చదివాను. రేడియో బ్యాటరీ అయిపోయాక కూడా మీవాడు అందులో మాట్లాడుతూనే పోయే చోటు బాగుంది. మిగతాదంతా డైరీ కాగితాలే. గుహలో ఒకటి, చెట్టు తొర్రలో ఒకటి, చచ్చిన జింక పక్కన ఇంకొకటి! దారి తప్పి చావబోయే మనిషి తేదీలు వేసి మరీ అంత పొందిగ్గా రాసుకుంటాడా? రాసుకున్నాడే అనుకో, పేజీలు చించి కొండకొకటి ఎందుకు పెట్టిపోతాడు? ఆటగాడు నడవడానికొచ్చాడు, వాడిచేత చిత్తుకాగితాలు ఏరిస్తావేం?

కాళ్లు కదులుతుండగానే కథ జరగాలి. 2016లో వచ్చిన ఫైర్‌వాచ్ మళ్లీ ఆడు. అందులో కథాకాలం 1989, చోటు వయోమింగ్‌లోని షొషోనీ అడవి. అంతకు ముందు ఏడాదే పక్కనున్న ఎల్లోస్టోన్‌లో దాదాపు 8 లక్షల ఎకరాలు తగలబడ్డాయి. ఆ మరుసటి వేసవిలో హెన్రీ, అంటే ఆటలో మనం నడిపేవాడు, మంటలు కనిపెట్టే కాపలా పనికొస్తాడు. చేతిలో కాగితం మ్యాపు, దిక్సూచి, వాకీటాకీ. అతని పైఅధికారి డెలైలా వేరే కాపలా టవర్‌లో ఉంటుంది, మనకు ఆవిడ గొంతే తప్ప మనిషి కనిపించదు. ఆవిడ అడిగినదానికి నువ్వు బదులివ్వకపోతే ఆ మౌనం కూడా జవాబే. మ్యాపులో దారి వెతుక్కుంటూనే ఆవిడతో నిజం చెప్పాలో దాటెయ్యాలో తేల్చుకోవాలి. ఈ రెండు పనులూ ఒకేసారి చేయిస్తారు చూడు, రాత అంటే అదీ! పెట్టెల్లో ఉత్తరాలు అందులోనూ ఉన్నాయిగా అంటావు. ఉన్నాయి, కానీ కథ బరువంతా వాటి నెత్తిన పెట్టలేదు.

నేను ఇలాంటి ఆటకి మాటలు రాసే రోజుల్లో, ఏటిగట్టు నుంచి శిఖరం దాకా ఎంతసేపు పడుతుందో చూసుకుని, అంతసేపూ వరండాలో తిరుగుతూ డైలాగులు పైకి చదివేవాణ్ని. ఊపిరందని చోట వాక్యం కోసేసేవాణ్ని. ఆఖరి మలుపు దాటాక ఎవరూ మాట్లాడకుండా వదిలాను. ప్రొడ్యూసరు మహాశయుడు "సౌండు పోయిందనుకుంటారండీ" అని అక్కడ వయొలిన్లు కుక్కాడు. పైగా మలుపు మలుపుకీ మెరిసే బాణం గుర్తు. ఇప్పుడదే ఫ్యాషను. దారి తప్పనివ్వని అడవి దేనికి? లిఫ్టు ఎక్కిస్తే పోలా!

నీ మూడో అంకంలో ఎండిన వాగు ఉంది కదా, అక్కడి డైరీ తీసెయ్. అవతలి గట్టున ఒకే ఒక బూటు పెట్టు. లేసు విప్పి ఉండాలి, లోపల మేజోడు మడిచి ఉండాలి. రేడియో ఇంకా పనిచేస్తోంది కాబట్టి కొందరు ఆటగాళ్లు చూడగానే అందులో చెప్పేస్తారు, కొందరు చూసీ చెప్పకుండా దాటిపోతారు. ఇద్దరికీ వేర్వేరు మాటలు రాసి పంపు. ఆట తయారుచెయ్యడానికి ఏ ఇంజిన్ సాఫ్ట్‌వేర్ వాడాలి, పబ్లిషరు దొరుకుతాడా అన్నవి తర్వాత చూద్దాం.