నెలసరిలో అధిక రక్తస్రావం: ట్రనెక్సామిక్ యాసిడ్ ఎప్పుడు, ఎంత వేసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 38. ఇద్దరు పిల్లలు. ఆరు నెలలుగా పీరియడ్స్‌లో బ్లీడింగ్ బాగా ఎక్కువైంది, గడ్డలు కూడా పడుతున్నాయి. మెడికల్ షాపులో ట్రనెక్సామిక్ యాసిడ్ 500 మి.గ్రా. మాత్రలిచ్చారు. డేట్‌కు రెండు రోజుల ముందు నుంచే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నా. పెద్దగా తేడా లేదు. ఇవి వాడితే రక్తనాళాల్లో గడ్డలు కడతాయంటున్నారు, నిజమేనా?

సమాధానం: తేడా లేకపోవడానికి మీరు వాడే తీరే కారణం కావచ్చు. గర్భసంచి లోపలి పొర ఊడినప్పుడు తెగిన రక్తనాళాల మూతుల దగ్గర చిన్న గడ్డలు ఏర్పడి రక్తాన్ని ఆపుతాయి. ప్లాస్మిన్ అనే ఎంజైమ్ వాటిని కరిగిస్తుంది. ఆ కరగడాన్ని ఈ మందు అడ్డుకుంటుంది. ఇది హార్మోన్ కాదు కాబట్టి డేట్ రాకముందు వేసుకుంటే ఉపయోగం ఉండదు. బ్లీడింగ్ మొదలయ్యాకే వేసుకోవాలి. ఒంట్లో ఎక్కువసేపు నిలవదు, అందుకే మూడు పూటలా కావాలి. మామూలుగా పూటకు రెండు మాత్రలు, అంటే రోజుకు 3 గ్రాములు, నాలుగు రోజులకు మించకుండా ఇస్తాం. దీంతో బ్లీడింగ్ సుమారు సగం వరకు తగ్గుతుంది తప్ప పూర్తిగా ఆగదు. నొప్పికీ పనిచేయదు. మీ స్ట్రిప్ మీద మెఫెనమిక్ యాసిడ్ అని కూడా ఉంటే అందులో నొప్పి మందు కలిసే ఉంది, విడిగా మరొకటి వేసుకోవద్దు.

మీ భయం విషయానికొస్తే, గతంలో కాలి సిరల్లోగానీ ఊపిరితిత్తుల్లోగానీ గడ్డ కట్టినవారు, పక్షవాతం వచ్చినవారు, ఫిట్స్ ఉన్నవారు దీన్ని వాడకూడదు. కిడ్నీ జబ్బుంటే డోసు తగ్గించాలి. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి. పూజలకనీ, పెళ్లిళ్లకనీ డేట్ వాయిదా వేసే మాత్రల సంగతీ దాచవద్దు, వాటితో ఈ మందు కలిస్తే రక్తనాళాల్లో గడ్డ కట్టే ముప్పు పెరగొచ్చు. ఇవేవీ లేనివారికి తక్కువ రోజుల వాడకంతో సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఒక కాలు వాచినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, చూపులో, రంగుల్లో తేడా తెలిసినా మాత్ర ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

అయితే వచ్చే నెలకు మాత్రలు కొనేలోపే గైనకాలజిస్టును కలవండి. ఆరు నెలల్లో ఇంత మార్పు ఎందుకొచ్చిందో తేలాలి. ముందు ప్రెగ్నెన్సీ టెస్టు, తర్వాత హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వను చూపేది), థైరాయిడ్ పరీక్షలు, అల్ట్రాసౌండ్ స్కాన్ చేయించాలి. ఫైబ్రాయిడ్ (గర్భసంచి కండరంలో పెరిగే కణితి), పాలిప్ (లోపలి పొర మీద పెరిగే పిలక), అడినోమయోసిస్ (లోపలి పొర గర్భసంచి కండరంలోకి చొచ్చుకుపోవడం) లాంటివి స్కాన్‌లో చాలావరకు కనబడతాయి. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఫెరిటిన్ పడిపోయి ఉండొచ్చు, ఆ టెస్టు వదిలేయకండి. ఐరన్ మాత్రలు రాసిస్తే టీ, కాఫీ, పాలతో కాకుండా నిమ్మరసంతో వేసుకోండి. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికొచ్చాక కూడా మూడు నెలలు కొనసాగించాలి.

గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, లేచి నిలబడితే కళ్లు తిరిగినా ఇంకో మాత్ర వేసుకుని చూద్దామని ఆగవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.