రజని సినిమా వేసే ముందు

అమ్మలూ,

భీమవరంలో మీ కాలేజీ ఆడపిల్లలకి శ్రీలంకలో జాఫ్నా ఊళ్లోని తమిళ డాక్టరమ్మ రజనీ తిరణగమ మీద తీసిన డాక్యుమెంటరీ వేస్తున్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం. నీ మెసేజ్ కూడా చూశాను. మన ఆర్మీ గురించి వచ్చే భాగానికి హాల్లో గొడవవుతుందేమో, కాస్త దాటించేద్దామా అని అడిగావు చూడు, ఆ పని మాత్రం చెయ్యకు.

రజని ఎవర్నీ వదిలిపెట్టలేదు. మొదట్లో ఎల్టీటీఈకి, అంటే తమిళులకి వేరే దేశం కావాలని తుపాకులు పట్టిన తమిళ పులులకి, సాయం చేసిన మనిషే, తర్వాత వాళ్లు సొంత తమిళుల్నే చంపుతుంటే అదీ రాసింది, శ్రీలంక సైన్యం చేసిందీ రాసింది, 1987లో శాంతి కోసమని వెళ్లిన మనవాళ్లు చేసిందీ రాసింది. ఆడవాళ్ల దగ్గర కూర్చుని వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. ఆ ముక్క కోసేస్తే ఇంక ఆవిడ గురించి చూపించేదేముంది?

అయితే మనవాళ్ల బాధ తక్కువదనుకోకు. తాడేపల్లిగూడెం దగ్గర మిలటరీ మాధవరం ఉంది, ఇంటికో సైనికుడున్న ఊరు, అలాంటి ఇళ్ల పిల్లలు నీ ఎదురుగానే కూర్చోవచ్చు. శ్రీలంకలో మన జవాన్లు వెయ్యి మందికి పైగా చనిపోయారు, ఆ మాట ముందు నువ్వే చెప్పు. అక్కడ పనిచేసొచ్చిన పెద్దాయన ఎవరైనా దొరికితే పిలువు, కోపంగా మాట్లాడినా అడ్డుపడకు. 1987 అక్టోబరులో మన సైన్యం జాఫ్నా ఆసుపత్రిలోకి వెళ్లినప్పుడు అక్కడ రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయారు. దాని గురించి అడిగితే తడబడకుండా చెప్పేలా చదువుకుని వెళ్లు.

సినిమా గంటా ఇరవై నిమిషాలు, కామెంటరీ ఇంగ్లీషు. మధ్యమధ్యలో ఆపి తెలుగులో చెబితే పిల్లలకి విసుగొస్తుంది, ముందే కథంతా చెప్పెయ్. జాఫ్నా యూనివర్సిటీలో అనాటమీ చెప్పేది, సింహళీయుణ్ణి చేసుకుంది, ఇద్దరు కూతుళ్లు, 1989 సెప్టెంబరు 21న సైకిల్ మీద ఇంటికెళ్తుంటే కాల్చేశారు, అప్పటికి 35 ఏళ్లు. చంపింది ఎల్టీటీఈయేనని తోటివాళ్లూ ఇంటివాళ్లూ చెబుతూనే ఉన్నారు, ఎవరికీ శిక్ష పడలేదు. దీన్ని సస్పెన్స్‌లా దాచకు, చనిపోతుందని తెలిసి చూస్తేనే బతికుండగా ఏం చేసిందో పిల్లల మనసుకి పడుతుంది. రజనిలా నటించింది ఆవిడ కూతురే, అదీ ముందే చెప్పు, లేకపోతే నటించిన సీన్లు కూడా అప్పట్లో తీసినవే అనుకుంటారు.

కరెంటు సంగతి చూసుకో, జనరేటర్ ఉందో లేదో కనుక్కో. అయిపోగానే లైట్లు వేసి మైకు పట్టుకోకు, కాసేపు వదిలెయ్.

తేదీ ఖాయమయ్యాక చెప్పు, ముందురోజు సాయంత్రానికల్లా వచ్చేస్తాను.

మీ పెద్దమ్మ