షెడ్డులో బాగు చేసిన కారు మూడు వారాలకే ఆగిపోయింది: నష్టపరిహారం వస్తుందా?

ప్రశ్న: ఇరవై రెండు నెలల క్రితం ఖమ్మంలో ఒక షెడ్డులో నా డీజిల్ కారుకు టైమింగ్ బెల్ట్ మార్పించి, రూ.14,500 ఫోన్‌పేలో చెల్లించాను. బిల్లు అడగలేదు. మూడు వారాలకే సూర్యాపేట దగ్గర ఇంజిన్ ఆగిపోయి, మామగారి అంత్యక్రియలకు అందుకోలేకపోయాం. పాత టెన్షనర్ (బెల్ట్‌ను బిగుతుగా ఉంచే భాగం) మార్చకపోవడంతో బెల్ట్ జారి వాల్వులు వంగాయని వేరే మెకానిక్ చెప్పాడు. రూ.1,38,000 ఖర్చయింది. పాత భాగాలు గోనెసంచిలో ఉన్నాయి. షెడ్డు యజమాని నాన్నగారి స్నేహితుడు. ఇన్నాళ్లూ 'చూద్దాం' అని, ఇప్పుడు తనకు సంబంధం లేదంటున్నాడు. ఆ షెడ్డు పేరుతో ఒక బిల్లు అచ్చు వేయిద్దామని ఒక మిత్రుడు అంటున్నాడు.

జవాబు: ఆ బిల్లు జోలికి వెళ్లకండి. అది భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ కింద ఫోర్జరీ. దొంగ కాగితం ఒక్కటి బయటపడితే మీ నిజమైన కాగితాలను కూడా ఎవరూ నమ్మరు. పైగా మీకు దాని అవసరమే లేదు. ఫోన్‌పే వివరం, బ్యాంకు స్టేట్‌మెంటు, షెడ్డు యజమాని పంపిన మెసేజీలు చాలు. అవి ఎలక్ట్రానిక్ రికార్డులు కాబట్టి వాటికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం జత చేయాలి.

కేసు తేలేది బిల్లు దగ్గర కాదు, టెన్షనర్ దగ్గర. మరమ్మతు తర్వాత చెడింది కాబట్టి మరమ్మతు వల్లే చెడిందంటే వినియోగదారుల కమిషన్ ఒప్పుకోదు. ఆయిల్ చూసుకోలేదనో, వేడెక్కినా నడిపారనో అవతలి వకీలు వాదిస్తారు. వాళ్లకు జవాబు ఆ గోనెసంచిలోనే ఉంది. అందులోని భాగాలను కడగకండి, తుప్పు గీకకండి. ఫొటోలు తీసి, సంచి మూతి కట్టి సీలు వేయండి. తర్వాత ఆటోమొబైల్ ఇంజినీరుకు చూపించి, టెన్షనర్ బేరింగ్ తిరుగుతున్నదా, బిగుసుకుపోయిందా, వాల్వులు ఎందుకు వంగాయి అన్నది రాతపూర్వకంగా తీసుకోండి. ఇంజిన్ విప్పినప్పుడు తాను చూసినదంతా రెండో మెకానిక్ అఫిడవిట్‌గా ఇవ్వాలి. నోటిమాట చాలదు.

ఇరవై రెండు నెలలు ఊరుకోవడం మాత్రం క్షమించరాని నిర్లక్ష్యం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం గడువు 2 సంవత్సరాలే. నాన్నగారి స్నేహం ఆ గడువును ఆపలేదు, ఆయన 'చూద్దాం' అన్న మాటలూ ఆపలేదు, మీరు పంపబోయే నోటీసూ ఆపదు. గడువు దాటినా, తగిన కారణం ఉంటే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. మొహమాటాన్ని తగిన కారణంగా ఒప్పుకుంటారని నేను భరోసా ఇవ్వలేను. ఇంజిన్ ఆగిన రోజు నుంచి కాకుండా, మరమ్మతు చేయించిన రోజు నుంచే గడువు లెక్కపెట్టుకోండి.

మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. సేవకు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. రెండో మరమ్మతు ఖర్చు, మొదట కట్టిన రూ.14,500, కారును లాక్కొచ్చినందుకు అయిన ఖర్చు విడివిడిగా రసీదులతో అడగండి. అంత్యక్రియలకు అందలేకపోయిన వేదనకూ పరిహారం కోరవచ్చు, కానీ ఆ భాగాన్ని ఒక్క పేరాకు మించనివ్వకండి. ఈ వారమే రిజిస్ట్రేషన్‌తో స్పీడ్ పోస్టులో నోటీసు పంపి 15 రోజులు సమయం ఇవ్వండి. జవాబు వచ్చినా రాకపోయినా పదహారో రోజున ఫిర్యాదు దాఖలు చేయండి.